మోకాలి చిప్ప: చిన్న ఎముక, పెద్ద పని

(రోగుల బంధువుల కోసం ఇచ్ఛాపురంలో జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మోకాలి చిప్ప గురించి తెలుసుకుందాం. గుండె గురించో, ఊపిరితిత్తుల గురించో చెప్పకుండా ఇంత చిన్న ఎముక గురించి ఎందుకని మీకు అనిపించవచ్చు. ఇందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది, మన ప్రాంతంలో కష్టమంతా మోకాళ్ల మీదే నడుస్తుంది. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పప్పుకు పొట్టు తీసే అమ్మలు గంటల తరబడి కింద కూర్చునే ఉంటారు. కవిటి, సోంపేట తోటల్లో కొబ్బరి చెట్లెక్కి కాయలు దించేవారు, వరి నాట్లు వేసేవారు, తీరాన ఇసుకలో నిలబడి వలలు లాగే మత్స్యకారులు, అందరికీ మోకాలే ఆధారం. రెండవది ఇంకా ముఖ్యమైనది. మన ఉద్దానంలో మోకాలి నొప్పికి మింగే మాత్ర మోకాలి దగ్గర ఆగదు. మూత్రపిండాల దాకా వెళుతుంది. ఆ సంగతి చివర వివరంగా చెబుతాను. ముందు చిప్ప ఎలా ఉంటుందో, ఏమి పని చేస్తుందో అర్థమైతే ఆ మాట మీకు బాగా బోధపడుతుంది.

చిప్ప ఎక్కడ ఉంటుంది?

అందరూ ఒకసారి కాళ్లు చాచి కూర్చోండి. తొడను బిగించకుండా వదులుగా ఉంచండి. ఇప్పుడు బొటనవేలితో, చూపుడువేలితో చిప్పను పట్టుకుని మెల్లగా అటూ ఇటూ జరపండి. కదులుతోంది కదా? ఇప్పుడు తొడను గట్టిగా బిగించండి. చిప్ప కొద్దిగా పైకి జరిగి, గట్టిగా నిలబడిపోయింది. మళ్లీ కదిపి చూడండి, కదలదు. దీనిని బట్టి ఒక విషయం గ్రహించాలి. చిప్ప ఏ ఎముకకూ అతుక్కుని లేదు. అది తొడ కండ చేతిలో ఉంది. కండ లాగితే వస్తుంది, వదిలితే వదులవుతుంది.

డాక్టర్లు ఈ ఎముకను పటెల్లా అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు చిన్న పళ్లెం అని అర్థం. మన పెద్దలు కొబ్బరి చిప్పను చూసి చిప్ప అన్నారు. రెండు దేశాల వారికీ ఒకే పోలిక తోచింది. పెద్దవారిలో ఇది నిలువునా అడ్డంగా ఇంచుమించు 4 నుండి 5 సెంటీమీటర్లు ఉంటుంది. ఆకారం మూడు మూలలది. వెడల్పు భాగం పైకి, మొన కిందికి ఉంటుంది. ముందు వైపు గరుకుగా ఉంటుంది, పైన చర్మం తప్ప పెద్దగా కండ లేదు. అందుకే పడినప్పుడు దెబ్బ నేరుగా చిప్పకే తగులుతుంది.

తొడ ముందు భాగంలో నాలుగు భాగాలున్న పెద్ద కండ ఉంది. ఆ కండ కిందికి వచ్చేసరికి గట్టి తాడులా మారుతుంది. ఇలాంటి దానిని మనం మామూలుగా నరం అంటాం గాని ఇది నరం కాదు, కండను ఎముకకు కట్టే తాడు. ఆ తాడు మధ్యలోనే చిప్ప ఇమిడి ఉంటుంది. చిప్ప కింది మొన నుండి తాడు మళ్లీ సాగి, మోకాలికి దిగువన ముంగాలి ఎముక మీద ఉన్న చిన్న బొడిపెకు అతుక్కుంటుంది. ఆ బొడిపె కూడా మీ చేతికి తగులుతుంది, చూసుకోండి. ఇలా తాడు మధ్యలో పుట్టే ఎముకలను నువ్వుగింజ ఎముకలు అంటారు. కాలి బొటనవేలి కింద కూడా ఇలాంటివి రెండు ఉంటాయి, అవి నిజంగా గింజంతే. శరీరంలో ఇలాంటి ఎముకలన్నిటిలో పెద్దది మోకాలి చిప్పే.

చిప్ప చేసే పని ఏమిటి?

నూతి మీది గిలకను గుర్తు చేసుకోండి. గిలక లేకుండా చేద తోడితే తాడు నూతి ఒరకు ఒరుసుకుంటుంది, చేతులకు బరువు ఎక్కువవుతుంది. గిలక ఉంటే తాడు నునుపుగా జారుతుంది, లాగడం తేలికవుతుంది. మోకాలిలో తాడు తొడ కండది, చేద మన కాలు, గిలక చిప్ప. చిప్ప తాడును కీలు నుండి కొంచెం ముందుకు ఎత్తి పట్టుకుంటుంది. అందువల్ల కాలు చాపడానికి తొడ కండకు బలం కలిసివస్తుంది. కాలు పూర్తిగా చాపే చివరి దశలో ఈ సహాయం మరీ ఎక్కువ.

ఒకప్పుడు ఈ విషయం పెద్ద డాక్టర్లకు కూడా సరిగా తెలియదు. 1937లో ఇంగ్లండుకు చెందిన బ్రూక్ అనే శస్త్రవైద్యుడు చిప్పతో అంత అవసరం లేదని, విరిగితే తీసివేయవచ్చని రాశారు. ఆ తరువాత చాలామందికి చిప్ప తీసివేశారు. కాని తీసివేసిన వారికి కాలు చాపే బలం తగ్గడం, మెట్లు ఎక్కడం కష్టమవడం తెలిసివచ్చింది. అందుచేత నేడు వీలైనంతవరకు చిప్పను నిలబెట్టడానికే డాక్టర్లు ప్రయత్నిస్తారు.

గుజ్జు అంటే ఏమిటి?

చిప్ప వెనుక వైపు నునుపుగా, తెల్లగా, మెరుస్తూ ఒక పొర ఉంటుంది. దీనినే మనం గుజ్జు అంటాం, పుస్తకాల్లో మృదులాస్థి అని రాస్తారు. చిప్ప వెనుక ఈ పొర కొన్ని మిల్లీమీటర్ల మందం ఉంటుంది. శరీరంలోని అన్ని కీళ్లలోకీ మందమైన గుజ్జు ఇక్కడే ఉంది. ఇంత మందంగా ఎందుకు ఉందో ఈ లెక్క వింటే తెలుస్తుంది.

చదును నేల మీద నడిచేటప్పుడు చిప్ప మీద పడే ఒత్తిడి మన బరువులో సుమారు సగం. మెట్లు ఎక్కేటప్పుడు దిగేటప్పుడు సుమారు మూడు రెట్లు. పూర్తిగా గొంతు కూర్చుని లేచేటప్పుడు ఏడు రెట్లకు పైగా కావచ్చు. అంటే 50 కిలోల బరువున్న ఒక తల్లి నడిస్తే చిప్ప మీద 25 కిలోలు, మెట్లెక్కితే 150 కిలోలు, గొంతు కూర్చుని లేస్తే 350 కిలోలు పడుతుందన్నమాట. రోజూ ఎన్నిసార్లు గొంతు కూర్చుంటామో మీరే లెక్క వేసుకోండి. పొయ్యి దగ్గర, అంట్లు తోమేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు, దొడ్డికి వెళ్లినప్పుడు, పనిలో. ఒళ్లు 5 కిలోలు తగ్గితే గొంతు కూర్చున్న ప్రతిసారి చిప్పకు 35 కిలోలు తగ్గుతుంది.

గుజ్జుకు రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగురు నీటి నుండే దానికి ఆహారం అందుతుంది. మోకాలు ముడిచి చాపుతున్నప్పుడు ఆ నీరు గుజ్జులోకి వెళ్లి వస్తుంది. కాబట్టి మోకాలు నొప్పి అని నెలల తరబడి మంచం పట్టడం మంచిది కాదు. అదే విధంగా గంటల తరబడి గొంతు కూర్చోవడమూ మంచిది కాదు. గుజ్జు అరగడం మొదలైతే మోకాలి ముందు వైపు నొప్పి వస్తుంది. చాలాసేపు కూర్చుని లేచినప్పుడు, మెట్లు దిగినప్పుడు ఆ నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. నొప్పి, వాపు లేకుండా వట్టి టకటక శబ్దం మాత్రమే వస్తే భయపడనక్కరలేదు.

"సిస్టరమ్మా, అరిగిన గుజ్జు మళ్లీ వస్తుందా?" అని చాలామంది అడుగుతారు. పూర్తిగా అరిగిన గుజ్జును మునుపటిలా తెచ్చే మాత్ర గాని, సూది మందు గాని, తైలం గాని లేదు. అలా తెస్తామని ఎవరైనా చెబితే డబ్బు పోసుకోకండి. కాని తొడ కండకు బలం పెంచితే, బరువు తగ్గితే, కూర్చునే తీరు మార్చుకుంటే చాలామందికి నొప్పి తగ్గుతుంది.

చిన్నపిల్లల చిప్ప

అప్పుడే పుట్టిన బిడ్డకు మోకాలిలో గట్టి చిప్ప ఉండదు. చిప్ప ఆకారమంతా మెత్తని మృదులాస్థితోనే ఉంటుంది. అందువల్ల ఎక్స్‌రేలో కనబడదు. మూడు నుండి ఆరేళ్ల మధ్య వయసులో అది ఎముకగా మారడం మొదలవుతుంది. నూటికి ఒకరిద్దరిలో చిప్ప పైమూల భాగం ఒకటిగా కలవకుండా విడిగానే ఉండిపోతుంది. దీనివల్ల సాధారణంగా బాధ ఉండదు. దెబ్బ తగిలి ఎక్స్‌రే తీసినప్పుడు విరిగినట్లు కనబడి కంగారు పెడుతుంది. డాక్టరు గారు రెండవ మోకాలు కూడా ఎక్స్‌రే తీయమంటే ఎందుకీ ఖర్చు అనుకోకండి, పోల్చి చూడడానికే.

దెబ్బ తగిలితే ఏమి చేయాలి?

బండి మీద నుండి పడినా, గట్టు మీద జారి మోకాలు నేలకు కొట్టుకున్నా చిప్ప విరగవచ్చు. ఒక్కోసారి పడకుండా నిలదొక్కుకునే ప్రయత్నంలో తొడ కండ ఒక్కసారిగా లాగి కూడా విరుగుతుంది. ఇంట్లోనే ఒక గుర్తు చూడవచ్చు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా మడమను నేల మీద నుండి పైకి ఎత్తమనండి. నొప్పితోనైనా ఎత్తగలిగితే తాడు నిలిచి ఉన్నట్లే అనుకోవచ్చు, అయినా వాపు ఉంటే ఎక్స్‌రే తప్పదు. అసలు ఎత్తలేకపోతే చిప్ప గాని, దాని పైతాడు గాని, కింది తాడు గాని తెగి ఉండవచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి.

తీసుకువచ్చే లోపల ఈ జాగ్రత్తలు పాటించాలి.

1. కాలును నిటారుగా ఉంచి, వెనుక చెక్కగాని మడత దిండుగాని పెట్టి, మెత్తని గుడ్డతో కట్టాలి. మరీ బిగించకూడదు. కాలివేళ్లు చల్లబడినా, నీలంగా మారినా కట్టు వదులు చేయాలి.

2. చన్నీళ్ల గుడ్డ గాని, గుడ్డలో చుట్టిన ఐసు గాని 15 నిమిషాలు పెట్టాలి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు.

3. నూనె రాసి మర్దన చేయకూడదు. చిప్ప పక్కకు జరిగిపోతే బలవంతంగా నెట్టకూడదు.

4. గాయం ఉంటే శుభ్రమైన గుడ్డ కప్పాలి. పసుపు, కాఫీపొడి, పేడ వంటివి పెట్టకూడదు.

5. ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక ఆసుపత్రికి వచ్చేవరకు తిండి పెట్టకుండా ఉండడం మంచిది. వాహనం దొరకకపోతే 108కి ఫోన్ చేయాలి.

నాటు కట్టు సంగతి కూడా చెప్పాలి. చెయ్యి విరిగితే అతుక్కుంది గనుక ఇదీ అతుక్కుంటుందని కొందరు అనుకుంటారు. ఇప్పుడు చిప్ప ఎలా ఉంటుందో మీకు తెలుసు, మీరే ఆలోచించండి. చిప్ప అడ్డంగా రెండు ముక్కలైతే పైముక్కను తొడ కండ పైకి లాగేస్తుంది, కిందిముక్క కిందనే ఉండిపోతుంది. మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. పైనుండి ఎంత గట్టిగా కట్టినా కండ లాగడం ఆగదు. ముక్కలు జరగకుండా ఉంటే డాక్టర్లు కాలు నిటారుగా ఉంచి సుమారు 4 నుండి 6 వారాలు పట్టీ వేస్తారు. ముక్కలు విడిపోతే ఆపరేషన్ చేసి సన్నని కడ్డీలు, 8 అంకె ఆకారంలో తీగె వేసి కలుపుతారు. ఆ తీగె ముందువైపు ఉండడం వల్ల మోకాలు ముడిచినప్పుడు ముక్కలు విడిపోకుండా ఒకదానికొకటి నొక్కుకుంటాయి.

ఈ తీగె వైద్యానికి ఒక చరిత్ర ఉంది. 1877లో లండనులో జోసెఫ్ లిస్టర్ అనే డాక్టరు విరిగిన చిప్పను తెరిచి వెండి తీగెతో కలిపారు. ఆ రోజుల్లో కీలు తెరవడం అంటే చీము పట్టి ప్రాణం పోతుందని అందరూ భయపడేవారు. లిస్టర్ గారు కార్బాలిక్ ఆమ్లంతో పరికరాలను, చేతులను శుద్ధి చేసుకుని ఆ పని చేశారు, గాయం చీము పట్టలేదు. మేము కట్టు మార్చేటప్పుడు చేతులు కడుక్కోవడం, మిమ్మల్ని కట్టు ముట్టుకోవద్దని అనడం చాదస్తం కాదు. ఆ శుభ్రతే ఈ ఆపరేషన్‌కు పునాది.

మోకాలు ఎర్రబడి, వేడిగా వాచి, జ్వరం కూడా ఉంటే కీలులో చీము పట్టి ఉండవచ్చు. అది అత్యవసరం. మరునాటి వరకు ఆగకూడదు.

నొప్పి మాత్ర, ఉద్దానం మూత్రపిండాలు

ఇప్పుడు ముఖ్యమైన విషయానికి వస్తున్నాను. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎంతగా ఉందో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. క్రియాటినిన్ అంటే ఏమిటో చదువుకోనివారికి కూడా తెలిసిన ప్రాంతం మనది. ఈ జబ్బుకు ఫలానాదే కారణమని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చి చెప్పలేదు. కాని ఉన్న జబ్బును పెంచే వాటిలో మన చేతిలో ఉన్నది ఒకటుంది. అదే డాక్టరు చెప్పకుండా వాడే నొప్పి మాత్ర.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. మన శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేసుకుంటుంది. దెబ్బ తగిలిన చోట అవి నొప్పిని, వాపును పుట్టిస్తాయి. అవే పదార్థాలు మూత్రపిండాలకు రక్తం తెచ్చే సన్నని నాళాలను వెడల్పుగా ఉంచుతాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, పైరాక్సికామ్ వంటి మందులు ఆ పదార్థాల తయారీని ఆపుతాయి. మోకాలిలో నొప్పి తగ్గుతుంది. అదే సమయంలో మూత్రపిండాలకు రక్తం కూడా తగ్గుతుంది. ఆరోగ్యవంతులు రెండు రోజులు డాక్టరు సలహాతో వాడితే సాధారణంగా తట్టుకుంటారు. కాని ఎండలో చెమట కారేలా పనిచేసి, సరిగా నీళ్లు తాగక, సాయంత్రం ఒక మాత్ర మింగితే దెబ్బ రెండింతలు. ఇప్పటికే మూత్రపిండాలు బలహీనపడిన వారికి అది మరీ ప్రమాదం. సూది మందుగా వేయించుకున్నా ఇదే ప్రమాదం.

చాలామంది ఇలా అంటారు: "మాత్ర వేసుకోకపోతే రేపు పనికి వెళ్లలేను. పనికి వెళ్లకపోతే ఇల్లు గడవదు." ఆ కష్టం మాకు తెలుసు, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. అయితే నాలుగు పనులు చేయండి. మందుల షాపులో పేరు చెప్పి నొప్పి మాత్ర కొనకండి. పేరు లేని పొట్లం మందులు వాడకండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా "మాది ఉద్దానం, మూత్రపిండాలు చూసి మందు రాయండి" అని ముందే చెప్పండి. క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేయించుకోండి. పారాసిటమాల్ మూత్రపిండాలకు అంత హాని చేయదు గాని, దానిని కూడా డాక్టరు చెప్పిన మోతాదు దాటి వాడితే కాలేయం దెబ్బతింటుంది. మూత్రపిండాల జబ్బు కోసం ప్రభుత్వం పలాసలో కట్టిన పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. వైద్యం దగ్గరకు వచ్చింది. పరీక్షకు వెనుకాడకండి.

డయాలసిస్ చేయించుకునే వారి బంధువులు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మూత్రపిండాల జబ్బు చాలాకాలం ఉంటే ఎముకలు, వాటిని పట్టుకున్న తాళ్లు బలహీనపడతాయి. ఏ పెద్ద దెబ్బా లేకుండా, మెట్టు ఎక్కుతూ ఎక్కుతూ చిప్ప పైతాడు తెగిపోవచ్చు. మోకాలు ఒక్కసారిగా మడతపడి కూలబడితే, చిప్ప పైన గుంటలా చేతికి తగిలితే, నీరసం అనుకుని ఊరుకోకండి. ఇందాక చెప్పిన మడమ ఎత్తే పరీక్ష చేయించి వెంటనే తీసుకురండి. తొందరగా కుట్టు వేస్తే ఫలితం బాగుంటుంది.

చిప్పకు మేలు చేసే అలవాట్లు

మాత్ర వద్దంటే మరి ఏమి చేయాలి? చిప్ప తొడ కండ చేతిలో ఉందని మొదట చూశాం. ఆ కండకు బలం ఇవ్వడమే మందు.

మొదటి వ్యాయామం. కాలు చాచి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోవాలి. మోకాలితో తువ్వాలును కిందికి నొక్కాలి. 5 అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇలా 10 సార్లు.

రెండవది. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండవ కాలు నిటారుగా ఒక అడుగు ఎత్తు లేపి, 5 అంకెలు లెక్కపెట్టి మెల్లగా దించాలి. ఇదీ 10 సార్లు. ఉదయం, సాయంత్రం చేస్తే కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. పట్టీ వేసినవారు, ఆపరేషన్ అయినవారు డాక్టరు అనుమతి ఇచ్చిన తరువాతే చేయాలి.

ఇంట్లో పొయ్యి ఎత్తు మీద పెట్టుకోండి. కింద కూర్చుని చేసే పనికి పీట కన్నా ఎత్తైన స్టూలు మేలు. పనిలో అరగంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవారికి దొడ్డిలో కుర్చీ లాంటి ఏర్పాటు చేయండి. ఇది మీ చేతిలో ఉన్న సేవ.

చివరిగా ఒక మాట. చర్చిలో మోకరించలేకపోతున్నామని బాధపడే పెద్దమ్మలు మా దగ్గరకు వస్తుంటారు. కుర్చీలో కూర్చుని ప్రార్థించండమ్మా, దేవుడు మోకాళ్లు చూడడు, మనసు చూస్తాడు. మోకరించడం కోసం మాత్ర మింగకండి. ఇంటికి వెళ్లాక మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. అందులో ఉన్న నొప్పి మాత్రల అట్టలు ఈసారి వచ్చేటప్పుడు తీసుకురండి. ఏది వాడవచ్చో, ఏది వాడకూడదో డాక్టరు గారిని అడిగి తెలుసుకుందాం.

దేవుడు మిమ్ములను, మీ రోగులను, మీ కుటుంబాలను దీవించి కాపాడును గాక.